ఈ రాత్రి ఏ భయం కావాలి? థ్రిల్లర్, దెయ్యం, ట్విస్టు సినిమాల్లో మీకు సరిపోయేది ఎంచుకోవడం ఎలా

థ్రిల్లర్ చూద్దామంటే ఇంట్లో అందరూ సరేనంటారు. ఏ థ్రిల్లర్ అన్న దగ్గరే పేచీ వస్తుంది. ఒకరికి హంతకుడెవరో కనిపెట్టే కథ కావాలి. ఒకరికి దెయ్యం ఉండి తీరాలి. కాలేజీ కుర్రాడికి చివరి పది నిమిషాల్లో కథ తలకిందులు కావాలి. అత్తమ్మకు మాత్రం తెరమీద రక్తం కనిపించకపోతే చాలు. హనుమకొండలో మా చుట్టాల్లో, వాడకట్టులో సినిమాలు ఎక్కువగా చూసేది నేనే కాబట్టి ‘ఏది పెట్టమంటావు’ అన్న ప్రశ్న తరచుగా నా దగ్గరికే వస్తుంది. నేను విమర్శకుణ్ని కాను, టికెట్టు కొనుక్కుని చూసే మామూలు ప్రేక్షకుణ్ని. ఆ అనుభవంతోనే ఈ పోలిక రాస్తున్నాను. ఏ సినిమా ముగింపునూ ఇక్కడ బయటపెట్టలేదు, నిశ్చింతగా చదవవచ్చు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ‘ట్విస్టు అదిరిపోయిందట’ అన్న ఒక్క మాట విని సినిమా ఎంచుకోవద్దు. ముగింపు తెలిసిపోయినా మళ్ళీ చూడాలనిపించే సినిమాను ఎంచుకోండి. మిగతా సలహా అంతా ఈ మాట చుట్టూనే తిరుగుతుంది.

## ముందు తేల్చుకోవలసినవి

పక్కన ఎవరున్నారు? అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మన థ్రిల్లర్లలో చాలావాటికి మూలం ఒక ఆడపిల్ల మీద జరిగిన అఘాయిత్యం. కొన్ని సినిమాలు దాన్ని మాటల్లో చెప్పి వదిలేస్తాయి, కొన్ని అక్కడే కెమెరా నిలిపి చూపిస్తాయి. ఒంటరిగా చూసినప్పుడు తట్టుకోగలిగిన దృశ్యం, పదేళ్ళ కూతురు పక్కన కూర్చుని ఉంటే తట్టుకోలేనిదిగా మారుతుంది. అందుకే పోస్టరు మీద సెన్సారు గుర్తు చూడటం అలవాటు చేసుకోండి. ఇదివరకు యు/ఎ అంటే ఒకటే గుర్తు. కొత్త సర్టిఫికేషన్ నిబంధనలు వచ్చిన 2024 నుంచి అది 7+, 13+, 16+ అని మూడుగా విడిపోయింది. ఓటీటీల్లోనైతే 2021 నిబంధనల నుంచే ఇలాంటి వయసు గుర్తులున్నాయి. దెయ్యం సినిమాకు 16+ అని ఉంటే, ఏడో తరగతి పిల్లవాడు ఎంత మారాం చేసినా వద్దనే చెప్పాలి.

ఎలాంటి భయం కావాలి? భయం అని మనం ఒకే పేరుతో పిలిచేవి నిజానికి నాలుగు. మొదటిది ఉలికిపాటు. తెర నిశ్శబ్దంగా ఉండి ఒక్కసారిగా పెద్ద శబ్దం వస్తుంది, ఒళ్ళు అదురుతుంది, మరుక్షణం నవ్వు వస్తుంది. రెండోది ఉత్కంఠ. ఏం జరగబోతుందో సగం తెలుసు, ఎప్పుడు జరుగుతుందో తెలియదు, కుర్చీ అంచుకు జరుగుతాం. మూడోది జుగుప్స, కోతలు, గాయాలు చూసినప్పుడు కలిగేది. నాలుగోది వెన్నాడే భయం. సినిమా నడుస్తున్నంతసేపూ మామూలుగానే ఉంటుంది, రాత్రి మంచినీళ్ళకు లేచినప్పుడు గుర్తొస్తుంది. ఉలికిపాటు ఇష్టపడేవారికి వెన్నాడే సినిమా పెడితే ‘ఏముంది ఇందులో’ అంటారు. వెన్నాడే భయం కోరుకునేవారికి ఉలికిపాట్ల సినిమా చూపిస్తే తలనొప్పి అంటారు. ఇద్దరి మాటా నిజమే.

ముగింపు తెలిస్తే ఏమవుతుంది? చుట్టాలబ్బాయి ఫోనులో ముగింపు చెప్పేసినా సినిమాలో చూడదగ్గది మిగులుతుందా? మిగలదనుకుంటే దాన్ని విడుదలైన మొదటి రెండు మూడు రోజుల్లోనే చూడాలి, లేదా వదిలేయాలి.

ఎక్కడ, ఏ పూట? దీని గురించి కింద విడిగా చెబుతాను.

## పరిశోధన కథలు

ఒక శవమో, తప్పిపోయిన మనిషో, ఒక పోలీసో లేదా డిటెక్టివో ఉంటారు. ఇంట్లో నలుగురు కలిసి చూడటానికి ఈ రకాన్ని మించింది లేదు. చూస్తూ మాట్లాడుకోవచ్చు. ‘ఆ డ్రైవరు మీదే నాకు అనుమానం’ అని ఒకరు, ‘కాదు, ఆ పక్కింటాయన’ అని మరొకరు పందెం వేసుకోవచ్చు. దెయ్యం సినిమాలో పక్కవాళ్ళు మాట్లాడితే భయం చెదిరిపోతుంది. ఇక్కడ మాట్లాడుకోవడమే సరదా.

ఈ రకం కథలు కొత్తగా మొదలుపెట్టేవారికి నేను చెప్పేది 2019లో వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’. నెల్లూరులో చిన్న డిటెక్టివ్ ఆఫీసు, మొదటి సగమంతా నవ్వు, ఆ నవ్వు మధ్యలోంచే రైలు పట్టాల పక్కన దొరికే గుర్తు తెలియని శవాల కథ మెల్లగా లేస్తుంది. కాజీపేట జంక్షన్ చుట్టుపక్కల పెరిగినవారికి పట్టాల పక్కన శవం అన్నది పేపర్లో రెండు వాక్యాల వార్తగా ఎప్పుడూ కనిపించేదే. ఆ రెండు వాక్యాల వెనక ఒక కుటుంబం ఉంటుందని ఈ సినిమా గుర్తుచేస్తుంది. అందుకే ముగింపు తెలిశాక కూడా దీన్ని చూడగలం.

‘క్షణం’ (2016) దారి వేరు. ఒక పాప తప్పిపోయిందని తల్లి అంటుంది, అసలు అలాంటి పాపే లేదని చుట్టూ ఉన్నవారంటారు. ఈ ఒక్క ప్రశ్నతో సినిమా చివరిదాకా లాగుతుంది. ‘హిట్’ (2020)లో పరిశోధించే పోలీసు మనసే గాయపడి ఉంది, కేసు కంటే అతని బాధ ఎక్కువ గుర్తుంటుంది. ‘ఎవరు’ (2019) ఒక స్పానిష్ సినిమాకు మన రూపం. ఎక్కువ భాగం ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకోవడమే, కానీ ప్రతి పావుగంటకూ మన నమ్మకం ఒకరి నుంచి మరొకరి మీదికి మారుతుంది. ఫోను చూసుకుంటూ చూసేవారికి ఇది పనికిరాదు. ఒక మాట వదిలేస్తే తర్వాతి మలుపు అర్థం కాదు.

పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో ‘అన్వేషణ’ (1985) పెట్టి చూడండి. అడవిలో వరుస చావులు, పులి మీద అనుమానం, వంశీ దర్శకత్వం, ఇళయరాజా సంగీతం. తాడ్వాయి, ఏటూరునాగారం దారుల్లో సాయంత్రం పూట ప్రయాణించినవారికి ఆ అడవి నిశ్శబ్దం పరాయిది కాదు. కత్తులు, నెత్తురు కంటే చెట్ల కదలికతోనే ఎక్కువగా భయపెట్టిన సినిమా అది. ఇప్పటి పిల్లలకు మొదటి అరగంట నిదానంగా అనిపించవచ్చు, కాస్త ఓపిక పట్టమని చెప్పండి.

## నేరం ముందే తెలిసిన కథలు

‘దృశ్యం’ (2014) ఈ కోవకు తలమానికం. మలయాళంలో జీతూ జోసెఫ్ తీసిన కథ, తెలుగులో శ్రీప్రియ దర్శకత్వంలో వెంకటేశ్ చేశారు. కేబుల్ టీవీ నడుపుకునే మామూలు మనిషి, సినిమాలు చూసి చూసి నేర్చుకున్న తెలివితో తన కుటుంబాన్ని కాపాడుకుంటాడు. ఏం జరిగిందో మన కళ్ళముందే జరుగుతుంది, కాబట్టి ‘ఎవరు చేశారు’ అన్న ప్రశ్నకు తావు లేదు. ‘దొరికిపోతారా’ అన్న ప్రశ్న మాత్రం చివరిదాకా గొంతులో అడ్డుపడి ఉంటుంది. చివర్లో మలుపు కూడా ఉంది. ఆ మలుపును తీసేసినా సినిమా నిలబడుతుంది. ఎన్నోసారి చూస్తున్నా విచారణ సన్నివేశంలో చిన్నకూతురి ముఖం చూడగానే నా చేతులు బిగుసుకుంటాయి. ముగింపు తెలిసినా పనిచేసే ఉత్కంఠ అంటే ఇదే.

తల్లిదండ్రులతో, యుక్తవయసు పిల్లలతో కలిసి చూడాలంటే నేను వెతకకుండా చెప్పే పేరు ఇదే. ఇందులోనూ ఒక ఆడపిల్లను వేధించే ఘట్టం ఉంది, అయితే దాన్ని హద్దులో ఉంచారు. సినిమా అయ్యాక ఫోను, వీడియో, బెదిరింపుల గురించి ఇంట్లో మాట్లాడుకోవడానికి అది దారి కూడా అవుతుంది.

## దెయ్యాల సినిమాలు

దెయ్యం కథలో ఇల్లే ప్రధాన పాత్ర. రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ (1992) ఇప్పటికీ ఎందుకు పనిచేస్తుందో గమనించండి. దెయ్యాన్ని చూపించడం తక్కువ, ఖాళీ గదిలో కెమెరా మెల్లగా జరగడం ఎక్కువ. ఎవరూ లేని చోట ఎవరో నడుస్తున్నట్టు కెమెరా కదిలితే చాలు, మిగతాది మన మనసే పూర్తి చేస్తుంది. రేవతి కళ్ళే సగం భయాన్ని మోశాయి.

‘మసూద’ (2022) ఆ తర్వాతి తరంలో నాకు బాగా నచ్చినది. భర్త లేకుండా కూతుర్ని పెంచుకుంటున్న తల్లి, పక్క ఫ్లాట్‌లో పిరికి కుర్రాడు. దెయ్యం పట్టింది ఆ కూతురికి. తల్లిగా సంగీత నటన వల్ల, మనం దెయ్యానికి భయపడటం కంటే ఆ తల్లి ఒంటరితనానికి ఎక్కువ భయపడతాం. లోపమూ ఉంది. రెండున్నర గంటలు దాటిన నిడివి, మొదటి సగంలో నెమ్మది. అలసిపోయి వచ్చిన రోజు దీన్ని పెట్టుకోకండి. ఉద్యోగం ముగించుకుని రాత్రి తొమ్మిదిన్నరకు మొదలుపెడితే అసలు భయం మొదలయ్యేలోపు నిద్ర వస్తుంది.

రవిబాబు ‘అవును’ (2012)ను చాలామంది ‘చిన్న దెయ్యం సినిమా’ అని పిల్లలతో కలిసి మొదలుపెడతారు. వద్దు. కనిపించని ఆత్మ ఒక స్త్రీ దేహాన్ని కోరుకోవడమే ఆ కథ. కొత్త దంపతులు చూస్తే ఒక రకం భయం, పిల్లలు పక్కనుంటే ఇంకో రకం ఇబ్బంది.

నవ్వూ దెయ్యమూ కలిసినవి వేరే దారి. ‘ఆనందో బ్రహ్మ’ (2017)లో మనుషులను చూసి దెయ్యాలు భయపడతాయి, ఇంటిల్లిపాదీ హాయిగా చూడవచ్చు. ‘ప్రేమకథా చిత్రమ్’ (2013) బాగా నవ్విస్తుంది కానీ కథ ఆత్మహత్య ఆలోచనతో మొదలవుతుంది. ఇంట్లో ఈ మధ్య అలాంటి బాధ తగిలినవారుంటే దాన్ని పక్కన పెట్టండి. ఈ రకం సినిమాల్లో భయం తక్కువే. భయం కోసమే కూర్చున్నవారు ఇక్కడ ఆగనవసరం లేదు.

## ఊరి భయం, చేతబడి కథలు

ఈ భాగం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే మన ప్రాంతంలో వీటిని చూడటం, హైదరాబాదు మల్టీప్లెక్స్‌లో చూడటం ఒకటి కాదు.

‘మా ఊరి పొలిమేర’ మొదటి భాగం 2021లో ఓటీటీలో వచ్చింది, రెండోది 2023లో థియేటర్లకు వచ్చింది. అదే ఏడాది ‘విరూపాక్ష’ పెద్ద విజయం సాధించింది. మూడింట్లోనూ పల్లె, చేతబడి, వరుస చావులు. సినిమాలుగా వీటికి బలం ఉంది. ‘విరూపాక్ష’లో ఊరిని అష్టదిగ్బంధనం చేసి ఎవరినీ బయటికి పోనివ్వని పరిస్థితి, ఒక పెద్ద ఊరినే మూసిన గదిగా మార్చేస్తుంది. ‘పొలిమేర’లో సత్యం రాజేశ్‌ను అంతవరకు నవ్వించే పాత్రల్లో చూసిన మనకు, ఆ ముఖం వెనక ఏముందో అన్న అనుమానమే సగం భయం. మొదటి భాగం చివర ప్రశ్నల్లోనే వదిలేస్తుంది కాబట్టి రెండూ కలిపి చూసేంత తీరిక ఉంటేనే మొదలుపెట్టండి.

ఇక అసలు సంగతి. ‘మంత్రాల నెపంతో హత్య’ అన్న శీర్షిక ఉత్తర తెలంగాణ పేపర్లు చదివేవారికి కొత్త కాదు. బాణామతి చేస్తున్నారన్న అనుమానంతో ముసలివాళ్ళను, ఒంటరి ఆడవాళ్ళను కొట్టిన, చంపిన ఘటనలు ఇక్కడి పల్లెల్లో నిజంగా జరిగాయి. చంపినవారిలో చాలామంది ఆ చావుకు ముందు తమ ఇంట్లో ఒక జబ్బునో, ఒక మరణాన్నో చూసినవారే. భయం అక్కడ నిజమైనది, కారణమే అబద్ధం.

‘విరూపాక్ష’ మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. చేతబడి అనుమానంతో ఊరివాళ్ళు ఒక జంటను సజీవంగా కాల్చేస్తారు. గుంపు చేసిన ఆ పాపాన్ని సినిమా క్షమించదు, అది దాని గొప్పతనం. అయితే అదే సినిమా చేతబడి పనిచేస్తుందని కూడా చూపిస్తుంది. అలా చూపించకపోతే కథే లేదు. ఈ రెండింటి మధ్య ఉన్న ఇబ్బందిని పెద్దలు అర్థం చేసుకోగలరు. పన్నెండేళ్ళ పిల్లకు చేతబడి పనిచేస్తుందన్నదే మనసులో నిలుస్తుంది. ములుగు వైపో, భూపాలపల్లి వైపో పల్లెలో, ఇప్పటికీ వేపకొమ్మలు, నిమ్మకాయలు చూసి జనం పక్కకు తప్పుకునే చోట ఉండేవారు ఈ సినిమాలు పిల్లలతో చూస్తే, తర్వాత ఒక్క పది నిమిషాలు మాట్లాడండి. జ్వరం ఎందుకు వస్తుందో, మూర్ఛ అంటే ఏమిటో చెప్పండి. ఆ మాటలు చెప్పే ఉద్దేశం లేకపోతే సినిమా మార్చడమే మేలు.

## సైకో హంతకుల కథలు

‘రాక్షసుడు’ (2019) తమిళ సినిమాకు రీమేక్. బడిపిల్లల వరుస హత్యలు. చూస్తున్నంతసేపూ ఊపిరి బిగపట్టించే పనితనం ఉంది. అయినా దీన్ని నేను అడిగిన ప్రతివారికీ చెప్పను. బడికి వెళ్ళే ఆడపిల్ల ఉన్న తల్లిదండ్రులు సగంలో లేచిపోవడం చూశాను, వాళ్ళది బలహీనత కాదు. ఇలాంటి సినిమా నచ్చేది కేసు విప్పే తీరు మీద దృష్టి నిలిపేవారికి. బాధితుల వైపు మనసు లాగేవారికి మాత్రం రెండున్నర గంటల శిక్ష. మీరు ఏ రకమో మీకే తెలుసు.

నిజంగా జరిగిన నేరాల మీద వచ్చే సిరీస్‌లు, డాక్యుమెంటరీలు కూడా ఇక్కడే చేరతాయి. వరంగల్‌వారిగా మనకు వీటితో ఇంకో లెక్క ఉంది. 2020 మేలో గొర్రెకుంట బావిలో ఒక వలస కార్మిక కుటుంబం సహా తొమ్మిది మంది మృతదేహాలు దొరికాయి. అదే ఏడాది అక్టోబరులో కోర్టు దోషికి మరణశిక్ష విధించింది. ఆ రోజుల్లో ఈ ఊళ్ళో ఉన్నవారికి నేర కథ చూస్తూ ఫలహారం తినడం అంత తేలిక కాదు. నిజ నేరాల కార్యక్రమం ఎంచుకునేటప్పుడు ఒకటే చూడండి: చనిపోయినవారికి అందులో పేరు, బతుకు ఉన్నాయా, లేక హంతకుడి తెలివితేటలే ఉన్నాయా? రెండోదైతే కట్టేయండి.

## ట్విస్టు మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

సినిమా చూడకముందే దీన్ని పూర్తిగా తెలుసుకోలేం. కానీ చూసినవాళ్ళను ఒక ప్రశ్న అడగవచ్చు: ‘రెండోసారి చూస్తావా?’

మంచి మలుపు కొత్త సంగతి తెచ్చి పడేయదు, ముందే చూసినదాని అర్థాన్ని మారుస్తుంది. మొదటిసారి మామూలుగా విన్న మాట రెండోసారి చూస్తే మరోలా వినిపిస్తుంది. ఆధారాలన్నీ మన ముందే పెట్టి, మన చూపును మాత్రం పక్కకు తిప్పుతారు. ఇలాంటివి రెండోసారి చూస్తే మరింత రుచిగా ఉంటాయి.

చెడ్డ మలుపు మన దగ్గర దాచడం మీద బతుకుతుంది. కథానాయకుడికి మొదటి నుంచీ తెలిసిన విషయాన్ని, అతని వెంటే తిరుగుతున్న మనకు కావాలని చెప్పరు. చివర్లో ఒక ఫ్లాష్‌బ్యాక్ పెట్టి ‘అసలు జరిగింది ఇది’ అంటారు. లేదా అంతవరకు తెరమీద రెండు నిమిషాలు కూడా కనిపించని మనిషిని హంతకుణ్ని చేస్తారు. ఆ క్షణానికి నోరు తెరుస్తాం, ఇంటికి వెళ్ళేలోపు కోపం వస్తుంది. వరుసగా మూడు నాలుగు మలుపులు పేర్చే సినిమాలదీ ఇదే బాధ. మూడోదానికి మనం ఎవరినీ నమ్మడం మానేస్తాం. నమ్మకం లేనిచోట మోసపోయే ఆనందమూ ఉండదు.

ముగింపు తెలిస్తే ఆనందం పోతుందన్న భయం మనం అనుకున్నంత నిజం కాకపోవచ్చు. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో శాఖలో ఇద్దరు పరిశోధకులు చిన్న కథలతో ఒక పరీక్ష చేశారు. ముగింపు ముందే తెలిసిన పాఠకులు ఆ కథలను ఇంకాస్త ఎక్కువగానే ఇష్టపడ్డారని తేలింది. కథ వేరు, సినిమా వేరు, నిజమే. అయినా ‘ముగింపు తెలిసిపోయింది కాబట్టి ఇక చూడను’ అనుకునేవారు ఒక్కసారి ప్రయత్నించి చూడండి. అలాగని పక్కవారికి ముగింపు చెప్పే హక్కు మనకు రాదు. 1960లో ‘సైకో’ విడుదలైనప్పుడు సినిమా మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వొద్దని హిచ్‌కాక్ థియేటర్లకు షరతు పెట్టాడు. ఇప్పుడు ఆ షరతు మన వాట్సాప్ గ్రూపులకు కావాలి.

## ఒక్క చూపులో

| రకం | ఎవరితో బాగుంటుంది | ముగింపు ముందే తెలిస్తే | ఎక్కడ చూడాలి | జాగ్రత్త |
|---|---|---|---|---|
| పరిశోధన | ఇంటిల్లిపాదీ, స్నేహితులు | సగం పోతుంది | ఇల్లు చాలు | ఫోను పక్కన పెట్టాలి |
| నేరం ముందే తెలిసినవి | తల్లిదండ్రులు, పెద్ద పిల్లలు | పెద్దగా ఏమీ పోదు | ఎక్కడైనా | వేధింపు ఘట్టాలు |
| దెయ్యం | ఇద్దరు ముగ్గురు, లేదా ఒంటరిగా | ఏమీ పోదు | థియేటర్ | నిడివి, పిల్లలు |
| నవ్వు దెయ్యం | అందరూ | ఏమీ పోదు | ఇల్లు | కథా వస్తువు ఒకసారి చూసుకోండి |
| ఊరి భయం, చేతబడి | పెద్దవారు | కొంత పోతుంది | థియేటర్ | పిల్లలకు తర్వాత వివరించాలి |
| సైకో హంతకుడు | తట్టుకోగలవారే | సగం పోతుంది | ఇల్లు, ఆపే వీలుండాలి | హింస, పిల్లలపై నేరాలు |
| మలుపు కోసమే తీసినవి | స్నేహితులు | అంతా పోతుంది | మొదటి వారంలో థియేటర్ | రెండోసారికి మిగలదు |

## థియేటరా, ఇల్లా?

దెయ్యం సినిమాకు సగం ప్రాణం శబ్దం. తలుపు కిర్రుమన్న శబ్దం వెనక వైపు నుంచి రావాలి. ఇంట్లో టీవీ స్పీకరు ముందు వైపే మోగుతుంది కాబట్టి ఆ పని జరగదు. థియేటర్‌కు వెళ్ళలేకపోతే గది చీకటి చేసి ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి, చిన్న ఫోను తెర మీద కూడా తేడా తెలుస్తుంది. పరిశోధన కథకు ఇంత హంగామా అక్కర్లేదు. ఇంట్లో వెనక్కి తిప్పి చూసుకోగలగడం పైగా లాభం.

ఇంటర్వెల్ సంగతి కూడా లెక్కలోకి తీసుకోండి. తెలుగు థ్రిల్లర్‌ను ఇంటర్వెల్‌కు ఒక కుదుపు వచ్చేలా రాసుకుంటారు, ఆ విరామం కథలో భాగం. ఇంగ్లిష్ సినిమాను మన హాళ్ళలో ఎక్కడో ఒకచోట ఆపేస్తారు, అప్పటిదాకా కట్టిన ఉత్కంఠ సమోసాల దగ్గర కరిగిపోతుంది. ఇంగ్లిష్ హారర్ అయితే నేను ఇంట్లోనే చూడమంటాను.

పరకాల, నర్సంపేట వైపు నుంచి హనుమకొండకు వచ్చి చూసేవారు మాట్నీయే ఎంచుకుంటారు, అదే మంచిది. సెకండ్ షో వదిలేసరికి అర్ధరాత్రి దాటుతుంది. హంటర్ రోడ్డు మీద బండి మీద వెళ్తూ వెనక సీటు ఖాళీగా ఉందో లేదో తడుముకోవడం కుర్రాళ్ళకు సరదాయే. చిన్న పిల్లలు, పెద్దవాళ్ళు వెంట ఉంటే ఫస్ట్ షోతో సరిపెట్టుకోండి.

## ఎవరికి ఏది?

హాస్టల్ గదిలో ఎనిమిది మంది లాప్‌టాప్ చుట్టూ చేరితే వెన్నాడే భయం పనిచేయదు, ఎవరో ఒకరు జోక్ వేస్తారు. ఉలికిపాట్లున్న దెయ్యం సినిమానో, పందెం కాయదగ్గ పరిశోధన కథనో పెట్టండి. ‘మసూద’ను ఆ గుంపులో వృథా చేయకండి.

కొత్తగా పెళ్ళైన జంటల్లో ఒకరికి హారర్ ఇష్టం, ఒకరికి భయం అన్నది తరచుగా కనిపిస్తుంది. ‘నేనున్నాను కదా’ అని బలవంతంగా కూర్చోబెట్టడం ప్రేమ కాదు. ‘దృశ్యం’ లాంటి ఉత్కంఠ దగ్గర ఇద్దరూ కలుసుకోగలరు. అక్కడి నుంచి ఇష్టముంటే నవ్వు దెయ్యానికి, ఆ తర్వాత ‘రాత్రి’కి వెళ్ళండి.

గోదావరిఖని, శ్రీరాంపూర్, భూపాలపల్లి వంటి గనుల ఊళ్ళలో ఇంటాయన రాత్రి షిఫ్టుకు వెళ్ళాక ఒంటరిగా టీవీ ముందు కూర్చునేవారు చాలామంది. ఒంటరిగా ఉన్న స్త్రీ మీద దాడి జరిగే కథలు ఆ పూటకు వద్దు. ‘అవును’, ‘రాక్షసుడు’ రెండూ పగటిపూటకు ఉంచుకోండి. రాత్రికి ‘ఏజెంట్ సాయి’ హాయిగా నడుస్తుంది. రాత్రి షిఫ్టు దిగి పగలు నిద్రపోవలసినవారు పడుకునే ముందు థ్రిల్లరే పెట్టుకోవద్దు. గుండె దడ తగ్గడానికే కొంతసేపు పడుతుంది, నిద్ర తక్కువైతే మర్నాడు గనిలో అది ప్రమాదం.

పిల్లలున్న ఇంట్లో సినిమా ఎంపిక కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఓటీటీలో 13+, ఆ పై వయసు గుర్తులున్న వాటికి పెద్దల తాళం పెట్టుకునే వీలు ఉంటుంది. సెట్టింగుల్లో ఒక పిన్ పెట్టడమే. పెద్దవాళ్ళు సగం చూసి వదిలేసిన సైకో సినిమాను ‘చూడటం కొనసాగించండి’ వరుసలోంచి పిల్లలు నొక్కడం చాలా ఇళ్ళలో జరిగేదే.

మొదటిసారి ఈ దారిలో అడుగుపెడుతున్నవారికి నేను చెప్పే వరుస ఇది: మొదట ‘దృశ్యం’, తర్వాత ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’, ఆ తర్వాత ‘క్షణం’. ఈ మూడూ నచ్చితే దీపాలు ఆర్పి ‘రాత్రి’. ‘మసూద’ను ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి, తీరిగ్గా కూర్చున్న పూటకు ఉంచుకోండి.